సంఘము లారీ 11 దినము లేల నిలిచెను?

గత ఫాల్గుణ మాసమున, మిరప కల్లములు నిండుగా నున్న దినములలో, మన సంఘము లారీ 11 దినములు గోదాము ముందర కదలక నిలిచియుండెను. లారీ కేమైనది, ఎవరు చెఱచిరి, ఖర్చెంత యని సభ్యులు పలువురు మమ్ము దారిలో నాపి యడిగిరి. కొందఱు సర్వసభ్య సమావేశముననే యడిగెదమనిరి. అడుగుట వారి హక్కు. లారీ సంఘముది, సంఘము సభ్యులది. కావున జరిగినది జరిగినట్లు, మా తప్పు దాచుకొనక, ఈ సంచికలో వ్రాయుచున్నాము. ట్రాక్టరు గాని, డీజిలు బండి గాని గల ప్రతి రైతునకును ఇందు పనికివచ్చు సంగతులు కొన్ని గలవు.

మన బండి టాటా 407. ఆ రకపు బండ్లు 1986లో మొదట వెలువడినవి. మనది మెకానికల్ పంపు గల పాత రకము. దాని ఇంజనును 497 అందురు; నాలుగు సిలిండర్లు, ఒక్కొక్కదాని రంధ్రము 97 మిల్లీమీటర్లు అని ఆ అంకెలకు అర్థము. ఈ సంగతి తెలియక ఎన్నియో యేండ్లు ఆ పేరు పలుకుచుంటిమి.

ఆ గురువారమునాడు ఎనమండ్రు సభ్యుల మిరప బస్తాలు 52 ఎక్కించుకొని, మధ్యాహ్నము మూడు గంటలకు బండి ఏనుమాముల మార్కెట్టునకు బయలుదేరెను. శుక్రవారపు వేలము తప్పినచో శని ఆదివారములు మార్కెట్టునకు సెలవు; సోమవారము వరకు ఆగవలసినదే. గిర్నిబావి దాటిన పిమ్మట నీటి వేడిమి చూపు ముల్లు ఎఱ్ఱ గీతను తాకినది. డ్రైవరు బండి యాపి మాకు ఫోను చేసెను. ఇక్కడ మా తప్పు మొదలైనది. "ఎట్లనన్న చేర్పు తమ్మీ, ఇంకెంత దూరమున్నది" యని చెప్పినది మేమే. అతడు దాపుననున్న బావి నుండి చల్లని నీరు తెచ్చి, కాగుచున్న ఇంజనులో పోసి, మరి కొంత దూరము నడిపెను. సైలెన్సరు నుండి తెల్లని పొగ గుప్పుగుప్పున వెడలెను. బండి ఒక్కసారి వణకి నిలిచిపోయెను. సాయంకాలము ట్రాక్టరుతో లాగించి గోదామునకు తెచ్చితిమి.

తెల్లవారి డిప్ స్టిక్ తీసి చూడగా, నల్లగా నుండవలసిన ఇంజనాయిలు పాలు పోసిన చాయవలె నుండెను. రేడియేటరులో నీరు సగము లేదు. క్రింద కారిన జాడయు లేదు. ఈ రెండు గుర్తులు కలిసినప్పుడు హెడ్డు గ్యాస్కెట్టును అనుమానింపవలెను. మన మెకానికులు దానినే హెడ్డు ప్యాకింగందురు.

ఇది యేమి చేయునో కొంచెము చెప్పవలెను. ఇంజను క్రింది భాగము బ్లాకు, పైభాగము హెడ్డు. రెంటి నడుమ ఒక పలుచని పొర యుండును, అదియే గ్యాస్కెట్టు. ఆ పొరలోని పెద్ద రంధ్రములలో డీజిలు మండును. పక్కనున్న చిన్న రంధ్రములలో కొన్నిటియందు నీరు, కొన్నిటియందు ఆయిలు ప్రవహించును. మంటను నీటితో, నీటిని ఆయిలుతో కలియనీయకుండుటయే దాని పని. పని చిన్నదిగా తోచవచ్చును గాని, లెక్క వేసి చూడుడు. 97 మిల్లీమీటర్ల రంధ్రపు వైశాల్యము సుమారు 74 చదరపు సెంటిమీటర్లు. మండునప్పుడు చదరపు సెంటిమీటరునకు 70 కిలోల ఒత్తిడి యనుకొన్నను, ఒక్కొక్క సిలిండరు హెడ్డును పైకెత్తుటకు 5 టన్నులకు మించిన బలముతో తన్నుచున్నది. మన లారీ మోయు బరువున కది రెండింతలు. ఇంజను నిమిషమునకు 2,000 చుట్లు తిరుగునప్పుడు ప్రతి సిలిండరును ఆ తన్ను నిమిషమునకు 1,000 మారులు తన్నును. ఇంతటి బలమును ఆపునది బోల్టుల బిగువు, రెండు ముఖముల చదును. ఈ రెంటిలో ఏది లోపించినను గ్యాస్కెట్టు నిలువదు. ఈ మాట మాకు మొదట తెలిసియుండినచో ఈ వ్యాసము వ్రాయవలసిన పని లేకపోయెడిది.

పట్టణపు షాపులలో విచారింపగా, సీజను గావున వారము వరకు బండి ముట్టలేమని చెప్పిరి. మన సభ్యుల కుమారులలో ఒకడు ఐ.టి.ఐ.లో డీజిలు మెకానిక్కు చదివినవాడు. మరియొకడు ట్రాక్టర్లు విప్పి కూర్చు అనుభవము గలవాడు. "మేమే చేసెద"మని ముందుకు వచ్చిరి. గ్యాస్కెట్టు వెల, పనివారి కూలితోను ఆగిన దినముల నష్టముతోను పోల్చినచో మిక్కిలి స్వల్పము. మేమును సంతోషముతో ఒప్పుకొంటిమి. శుక్రవారమంతయు, శనివారము రాత్రి పది గంటల వరకును పనిచేసి హెడ్డు దింపి, కొత్త గ్యాస్కెట్టు పెట్టి, ఆయిలు మార్చి, బిగించిరి. ఇంజను ఒక్క తిప్పుతో పలికెను. ఆ రాత్రి గోదాములో అందఱికిని మిఠాయి పంచితిమి. ఆ మిఠాయి ఖర్చు లెక్కలో వ్రాయలేదు. అది మా జేబులోనిది.

ఆదివారము సాయంకాలము ఆ 52 బస్తాలనే మరల ఎక్కించి పంపితిమి. గొర్రెకుంట దరి, మార్కెట్టు కనుచూపు మేరలో నున్నదనగా, ముల్లు మరల ఎఱ్ఱగీతకు చేరెను. ఈసారి డ్రైవరు మమ్ము అడుగక ఇంజను ఆపివేసెను. మంచి పని చేసెను. కాని ఆకాశమున అకాల మేఘము పట్టినది. టార్పాలిను కప్పి, ట్రాక్టరు దొరకి, బస్తాలు మార్చులోపల వాన కురిసెను. ఆరు బస్తాలు తడిసినవి. అందు మూడు చపాట మిరప. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన మన వరంగల్లు చపాటకు విలువ దాని రంగునుబట్టి గదా. తడిసి రంగు తప్పిన సరకునకు వేలములో ఏమి ధర పలుకునో పాఠకులకు చెప్పనక్కరలేదు. ఆ ఆరు బస్తాల తేడా సొమ్మును సంఘమే భరించునట్లు కార్యవర్గము తీర్మానించినది.

సోమవారము ఉదయము బండి మరల గోదాము ముందరికి వచ్చెను. పిల్లల ముఖములు చూడలేకపోతిమి. అప్పుడు ఆటోనగరులో హెడ్డులు చదును చేయు లేతు షాపు పెద్దాయన యొకరిని పిలిపించితిమి. ఆయన బండి ముట్టకమునుపే పాత గ్యాస్కెట్టు తెమ్మనెను. మేము దానిని తుక్కులో వేసియుంటిమి. వెదకి తెచ్చి, హెడ్డు మరల దింపిన పిమ్మట రెండవదానిని పక్కన పెట్టితిమి. రెండును ఒక్కచోటనే, రెండవ మూడవ సిలిండర్ల నడుమ, నల్లని చాఱగా కాలియుండెను. "ప్యాకింగు పోలేదు సారూ, మొదలు నీళ్లు పోయినయి. నీళ్లు పోతే హెడ్డు వంగింది. హెడ్డు వంగితే ఎన్ని ప్యాకింగులు పెట్టినా గంతే" యని ఆయన చెప్పిన మాటయే మా రెండవ ప్రయత్నమునకు మూలము. పాత గ్యాస్కెట్టు పారవేయరాదు. జబ్బు ఎక్కడనున్నదో అది చూపును.

ఇక రెండవసారి చేసిన విధము వివరముగా వ్రాయుచున్నాము. పనిముట్లు గల యువకులు దీనిని చదివి, తమ బండి కంపెనీవారి పుస్తకముతో సరిచూచుకొనవలెను. బిగువు అంకెలు బండికొక తీరుగా నుండును. ఒకదాని అంకె మరియొకదానికి పనికిరాదు.

ఇంజను పూర్తిగా చల్లారవలెను. వేడి రేడియేటరు మూత ముట్టరాదు. మూతకు 0.9 కిలో ఒత్తిడి పట్టు గుణమున్నచో లోపలి నీరు సుమారు 118 డిగ్రీల వరకు మరుగక నిలుచును. మూత వదులు కాగానే అదంతయు ఆవిరియై ముఖమునకు చిమ్మును. బ్యాటరీ తీగ విప్పి, నీటిని బక్కెటలోనికి దింపితిమి. ఇందొక హెచ్చరిక. రంగు కూలెంటులోని ఇథిలీన్ గ్లైకాలు తియ్యగా నుండును, విషము. కుక్కలు, మేకలు, లేగదూడలు తెలియక త్రాగి చచ్చును. గోదాము ముందర పశువులు తిరుగునని మొదటిసారి మాకు తోచనేలేదు; తెఱచిన తొట్టిలోనే విడిచితిమి. దైవవశమున ఏదియు మూతి పెట్టలేదు.

విప్పునప్పుడు ప్రతి అంచెకును ఫోనుతో ఫొటో తీసితిమి. ఇంజెక్టరు పైపులు తీయగానే రెండు కొనలకును శుభ్రమైన మూతలు తొడిగితిమి. ఇసుక రేణువొకటి పంపులో చేరిన ఈ రిపేరుకంటె పెద్ద రిపేరు వచ్చును. పుష్ రాడ్లు ఏ చోటివి ఆ చోటనే తిరిగి చేరవలెను. మొదటిసారి వానినన్నిటిని ఒక గంపలో పడవేసితిమి. రెండవసారి అట్టముక్కకు వరుసగా బెజ్జములు పొడిచి, అంకెలు వేసి, ఒక్కొక్కటి గ్రుచ్చితిమి. హెడ్డు బోల్టులను అంచులనుండి నడుమకు, ఒక్కొక్కటి కొంచెము కొంచెముగా వదులు చేయవలెను. ఒక్క మూల ముందు విప్పినచో హెడ్డు మరింత వంగును. పోత ఇనుప హెడ్డు బరువైనది. చెయిను పుల్లీతో ఎత్తితిమి. ఎత్తినంతసేపు క్రింద ఎవరిని చేయి పెట్టనీయలేదు.

తరువాత శుభ్రము చేయుట. ఓపికతో చేయవలసిన పని, మొదటిసారి మేము తొందరపడిన పనియు నిదియే. సిలిండర్లలో, ఆయిలు రంధ్రములలో శుభ్రమైన గుడ్డలు క్రుక్కి, అంటుకొన్న పాత పొరను కిరసనాయిలుతో తడిపి, మొండి రేకుతో మెల్లగా గీకవలెను. ఉలి, గ్రైండరు పనికిరావు. అవి చేసిన గీత గుండనే రేపు నీరు దారి తీయును. పాత రకపు గ్యాస్కెట్లలో ఆస్‌బెస్టాసు ఉండవచ్చును గావున పొడిగా గీకుట, నోటితో ఊదుట ఊపిరితిత్తులకు హాని. తడిపియే గీకి, తుడిచిన గుడ్డలను సంచిలో కట్టి తీసివేసితిమి. బోల్టులు దిగు గుంతలను సయితము తుడిచితిమి. అడుగు మూసిన గుంతలో నీరో ఆయిలో మిగిలినచో, బోల్టు అడుగునకు దిగక ఆ ద్రవమును నొక్కును. పానాకు బిగువు వచ్చినట్లు తోచును గాని హెడ్డునకు బిగువుండదు, కొన్నిసార్లు బ్లాకే పగులును. మొదటిసారి మూడు గుంతలలో నీరుండగనే మేము బిగించితిమని ఇప్పుడు తెలియుచున్నది.

చదును చూచుట మిక్కిలి సులభము, ఐనను మేము చూడలేదు. వంపు లేని ఉక్కు బద్దను హెడ్డు ముఖము మీద నిలువుగా, అడ్డముగా, మూలకు మూలగా పెట్టి, దాని క్రింద ఫీలరు గేజి రేకు దూరునేమో చూడవలెను. 0.05 నుండి 0.10 మిల్లీమీటరు లోపల మాత్రమే సాధారణముగా ఒప్పుదురు. మన హెడ్డు నడుమ 0.20 రేకు నిరాటంకముగా దూరినది. అనగా రెండు కాగితముల మందము! ఆ రెండు కాగితముల సందుననే ఆరు బస్తాల మిరప తడిసినది. బ్లాకు ముఖమును గూడ అట్లే చూచితిమి. అది చక్కగా నుండెను. లైనర్లు గల ఇంజన్లలో లైనరు అంచు బ్లాకు ముఖముకంటె ఎంత ఎత్తున నున్నదో కొలిచి పుస్తకముతో సరిచూడవలెను.

హెడ్డును ఆటోనగరునకు పంపితిమి. అక్కడ ముందు నీటి ఒత్తిడితో పగుళ్లు పరీక్షించిరి. చల్లని నీరు పోసినందున పగిలియుండునని మేము భయపడితిమి. పగిలిన హెడ్డును ఎంత చదును చేసినను వ్యర్థము, కొత్తది కొనవలసినదే. పగుళ్లు లేవనిరి. పిమ్మట ముఖము చదును చేసిరి. ఎంత తీయవచ్చునో దానికొక హద్దు గలదు. ఎక్కువ తీసిన వాల్వులు పిస్టనునకు దగ్గరగును. కొన్ని డీజిలు ఇంజన్లకు వేఱువేఱు మందముల గ్యాస్కెట్లు దొరకును, అంచుననున్న బెజ్జములో గంట్లో చూచి ఎంచుకొనవలెను. షాపులో వరుసలో ట్రాక్టర్లు, హార్వెస్టర్లు ముందుండుటచే మనకు మూడు దినములు పట్టినది.

ఆ మూడు దినములలో అసలు కారణము వెదకితిమి. రేడియేటరు క్రింది రబ్బరు గొట్టపు క్లిప్పు వదులైయుండెను. వేడెక్కినప్పుడు చుక్కలుగా కారి, దుమ్ములో ఇంకిపోయి, జాడ తెలియలేదు. అంతకంటె ఘోరము రేడియేటరు స్థితి. దాని పలకల నడుమ ప్రత్తి నూగు, మిరప పొట్టు, మొక్కజొన్న ఊక కలిసి కంబళివలె పట్టియున్నవి. సగము పలకలకు గాలి యాడుట లేదు. మన పంటలే మన ఇంజను గొంతు నులిమినవనవచ్చును. ఇంజను వైపునుండి బయటికి గాలి కొట్టి, నీటితో కడిగితిమి. మూత రబ్బరు ఎండి పగిలినందున మూతను మార్చితిమి. థర్మోస్టాట్టును వేడినీటి గిన్నెలో వేసి చూడగా సరిగనే తెఱచుకొనెను. దానిని పీకివేయుట మేలని కొందఱు సలహా ఇచ్చిరి గాని మేము వినలేదు.

కూర్చుట శనివారము ప్రారంభించితిమి. గ్యాస్కెట్టును పొడిగా, పైముఖము గుర్తు చూచి, ప్రతి రంధ్రమును సరిపోల్చి పరచితిమి. జిగురు పూయలేదు, పుస్తకము పూయుమనిన చోటనే పూయవలెను. బోల్టులు కొత్తవి వేసితిమి. కొన్ని రకముల బోల్టులు ఒక్కసారి బిగింపగానే సాగును; మరల వాడిన బిగువు నిలువదు. బిగించుటకు టార్క్ రెంచి కావలెను. మొదటిసారి మా పిల్లలు పానాకు ఇనుప గొట్టము తొడిగి, కండబలముతో బిగించిరి. ఒక బోల్టున కొక బలము. మీటరు పొడవు పిడి చివర 10 కిలోలు వ్రేలాడదీసిన కలుగు బిగువు 10 కిలోగ్రాము-మీటర్లు. ఆ రెంచి ఈ లెక్కను తానే చూపును లేదా టక్కుమని చప్పుడు చేయును. జొన్నరొట్టెను నడుమనుండి అంచులకు తట్టినట్లు, నడిమి బోల్టుతో ప్రారంభించి చుట్టుచుట్టుగా బయటికి, మూడు విడతలుగా బిగించితిమి. ప్రతి విడతకును ఒకడు అంకె చదువ, ఒకడు బిగింప, ఒకడు సుద్దతో గుర్తు పెట్టెను.

టాపెట్ల సందు సరిచేసి, ఇంజనును చేతితో రెండు చుట్లు త్రిప్పి ఏదియు తగులుట లేదని చూచితిమి. డీజిలులోని గాలిని చేతిపంపుతో వెడలగొట్టితిమి. నీరు కలిసిన ఆయిలును, ఫిల్టరును మరల మార్చితిమి. ఆ ఆయిలుతో నడిపిన బేరింగులు చెడును. కూలెంటు మెల్లగా నింపి, మూత తెఱచియుంచి ఇంజను పలికించితిమి. రేడియేటరులో బుడగలు ఎడతెగక వచ్చినచో మంట నీటిలోనికి చొచ్చుచున్నదని అర్థము. గాలి నిండియున్న రెండు మూడు బుడగలు మొదట వచ్చి నిలిచిపోయినవి. ఆ పది నిమిషములు ఎవరును మాటలాడలేదు. ఆదివారము ఖాళీ బండితో నర్సంపేట పోయి వచ్చి, చల్లారిన పిదప నీటి మట్టము చూచితిమి, వెండ్రుకవాసియైనను దిగలేదు. సోమవారము సరకు నెత్తితిమి.

ఈ పని ప్రతివారును ప్రతి బండికిని చేయవచ్చునని మా అభిప్రాయము కాదు. 2020 ఏప్రిల్ 1 నుండి అమలైన బి.ఎస్.6 బండ్లలో డీజిలు మిక్కిలి హెచ్చు ఒత్తిడితో పైపులలో నుండును. ఆ పైపు విప్పునప్పుడు చిమ్మిన ధార చర్మమును కోసి లోనికి పోవును. కంప్యూటరు లేక వాని దోషము తెలియదు. అట్టి బండ్లను కంపెనీ షాపునకు పంపుటయే మేలు. చదును చేయు యంత్రము మన గోదాములో లేదు. ఆ భాగము ఎప్పటికిని ఆటోనగరుదే. మన చేతిలోనున్నది విప్పుట, శుభ్రము, కొలత, బిగింపు.

కార్యవర్గము కొన్ని ఏర్పాట్లు చేసినది. ముల్లు ఎఱ్ఱగీత తాకిన యెడల డ్రైవరు ఎవరిని అడుగకయే ఇంజను ఆపవలెను. సరకు ఆలస్యమైనచో జవాబు చెప్పవలసినది మేము, అతడు కాదు. మిరప, ప్రత్తి సీజనులో ప్రతి శనివారము రేడియేటరునకు గాలి కొట్టి పుస్తకములో సంతకము చేయవలెను. టార్క్ రెంచి, ఉక్కు బద్ద, ఫీలరు గేజి సంఘము తరఫున కొంటిమి. అవి గోదాములో తాళము వేసిన పెట్టెలో నున్నవి. ట్రాక్టరు పనులకు కావలసిన సభ్యులు కార్యదర్శి వద్ద సంతకము చేసి మూడు దినములకు తీసికొనిపోవచ్చును. రెంచిని సుత్తెగా వాడరాదని పెట్టె మూతమీద వ్రాయించితిమి. వ్రాయించుటకు కారణము మొదటి వారముననే కలిగినది.